చంద్రుడి మీద దిగారట

(పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

మా నాన్నగారి డైరీలో ఒక పేజీ చదివి మొదలుపెడతాను. తేదీ 1969 జులై 21, సోమవారం. ఆ పేజీలో ఉన్నవి మూడే వాక్యాలు. "సైకిలు వెనక చక్రం ట్యూబు మార్పించాను. అమ్మకి జ్వరం తగ్గలేదు. చంద్రుడి మీద దిగారట." అంతే. మిగతా పేజీ ఖాళీ.

నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి నేల మీద కాలు పెట్టేసరికి మన గడియారాల్లో ఆ రోజు ఉదయం ఎనిమిదిన్నర కావస్తోంది. మనిషి పుట్టాక ఎన్నడూ జరగని పని అది. మా నాన్నగారి డైరీలో దానికి మూడో చోటు దక్కింది. ముందు సైకిలు, తర్వాత జ్వరం, ఆ తర్వాత చంద్రుడు.

ఆ 'దిగారట'లో 'ట' ఒకసారి గమనించండి. నేను చూడలేదు, ఎవరో చెప్తే విన్నాను, నమ్ముతున్నానో లేదో అడగొద్దు. ఇంత సంగతీ ఒక్క అక్షరం మోస్తోంది. చరిత్ర రాసేవాళ్ళు నానా అవస్థలు పడి పాఠకుడికి చెప్పాలనుకునే విషయం ఇదే. ఇవాళ నేను మాట్లాడబోయేదంతా నాకు ఈ మూడు వాక్యాల్లోనే కనిపిస్తుంది. 'దిగితే ఎలా ఉంటుంది' అని ఊహించిన కథలున్నాయి. 'దిగారట' అని రాసిన చరిత్రలున్నాయి. దిగిన రోజున ఎవరి ఇంట్లో ఎవరికి జ్వరమో చెప్పే జీవితచరిత్రలున్నాయి. లైబ్రరీలో ఇవి మూడూ వేరువేరు అరల్లో ఉంటాయి. పాఠకులం కూడా అలాగే విడిపోయాం. సైన్స్ ఫిక్షన్ చదివేవాళ్ళు చరిత్ర జోలికి పోరు. చరిత్ర చదివేవాళ్ళు కట్టుకథలకు టైమ్ లేదంటారు. ఆత్మకథలు ఇష్టపడేవాళ్ళకు ఆ రెండూ పట్టవు.

నేను చాలా ఏళ్ళు రెండో గుంపులో ఉన్నాను. జరిగినదే చదివేవాణ్ణి. నా మేనకోడలు హైస్కూల్లో ఉన్నప్పుడు ఒకరోజు నా పుస్తకాల బీరువా ముందు నిలబడి అడిగింది. "మామయ్యా, నువ్వెప్పుడూ జరిగిందే చదువుతావు. జరగనిది ఎందుకు జరగలేదో తెలుసుకోవాలని నీకనిపించదా?" ఆ ప్రశ్నకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఆ పిల్ల తన స్కూలు సంచీలోంచి తీసి నా చేతిలో పెట్టిన పుస్తకంతోనే నేను రెండో అర దాటి బయటికొచ్చాను.

అది జూల్స్ వెర్న్ 1865లో రాసిన చంద్రయానం కథ. అందులో ముగ్గురు మనుషులు ఒక గుండులాంటి వాహనంలో కూర్చుంటారు. దాన్ని అమెరికాలోని ఫ్లోరిడా నుంచి పేలుస్తారు. తర్వాతి భాగంలో వాళ్ళు చంద్రుణ్ణి చుట్టి వచ్చి పసిఫిక్ మహాసముద్రంలో పడతారు, ఒక ఓడ వాళ్ళను ఒడ్డుకు చేరుస్తుంది. నూట నాలుగేళ్ళ తర్వాత అపోలో 11లో వెళ్ళింది ముగ్గురు. బయల్దేరింది ఫ్లోరిడా నుంచి. తిరిగొచ్చి పడింది పసిఫిక్‌లో. తిరుగు ప్రయాణంలో టీవీ ప్రసారంలో ఆర్మ్‌స్ట్రాంగ్ స్వయంగా వెర్న్ పుస్తకాన్ని తలచుకున్నాడు. ఇవన్నీ మీలో చాలామందికి తెలిసే ఉంటాయి. ఇలాంటి పోలికలు చూడగానే 'అబ్బ, ముందే చెప్పేశాడు' అంటాం. నన్ను మాత్రం ఆయన సరిగ్గా చెప్పిన వాటికన్నా తప్పుగా చెప్పినవే ఎక్కువ ఆకట్టుకున్నాయి.

వెర్న్ కథలో మనుషుల్ని పంపేది రాకెట్ కాదు, ఫిరంగి. తొమ్మిది వందల అడుగుల ఫిరంగి. అంత తక్కువ దూరంలో చంద్రుడి దాకా పోయే వేగం అందుకోవాలంటే లోపలున్నవాళ్ళ మీద భూమ్యాకర్షణకు వేల రెట్లు ఒత్తిడి పడుతుంది. పేలిన క్షణంలోనే ముగ్గురూ నుజ్జయిపోతారు. ఆయనకు ఫిరంగే ఎందుకు తట్టింది? ఆ కథలో యాత్రను తలపెట్టింది ఫిరంగులు తయారుచేసేవాళ్ళ క్లబ్బు. అమెరికా అంతర్యుద్ధం అప్పుడే ముగిసింది. వాళ్ళకు పని లేదు, ఫిరంగి దేనిమీదికి గురిపెట్టాలో తెలియదు. సరే, చంద్రుడి మీదికి పెడదాం అనుకుంటారు. పుస్తకం వచ్చిన 1865లోనే ఆ యుద్ధం ముగిసింది. భవిష్యత్తు గురించి అనుకుని చదువుతాం గానీ, 1865లో జనానికి అతి పెద్ద శక్తి అంటే ఏది గుర్తొచ్చేదో ఆ పుస్తకం చెప్పేస్తుంది. ఇంకో సంగతి. ఆ కథలో ప్రయాణికులకు భూమితో మాట్లాడే దారే లేదు. టెలిస్కోపులో వెతుక్కోవాల్సిందే. చంద్రుడి దాకా మనిషిని పంపగలిగిన ఊహకు, అక్కడి నుంచి మాట పంపడం తట్టలేదు. రేడియో ఇంకా పుట్టలేదు మరి.

అందుకే పాత సైన్స్ ఫిక్షన్ దొరికితే వదలకండి అంటాను. రాసినవాళ్ళు ఏది ఊహించలేకపోయారో వెతకండి. ఆ కాలం గోడలు ఎక్కడెక్కడ ఉండేవో తెలుస్తుంది.

ఆ తప్పు ఫిరంగి నుంచే సరైన రాకెట్ పుట్టింది. రష్యాలో కాన్‌స్టాంటిన్ త్సియోల్కోవ్‌స్కీ అనే స్కూలు మాస్టారు, వినికిడి సరిగా లేని మనిషి, వెర్న్ పుస్తకాలు చదివి ఆ ఆలోచనలో పడ్డానని తనే చెప్పుకున్నాడు. ఫిరంగితో కుదరదని లెక్కలు వేసి, రాకెట్‌తో కుదురుతుందని చూపిస్తూ 1903లో వ్యాసం ప్రచురించాడు. ఇవాళ ఏ దేశం రాకెట్ వదిలినా ఆయన సమీకరణం వాడకుండా కుదరదు.

ఇక్కడి నుంచి చరిత్ర అరలోకి వెళ్దాం. 1969లో ఆ ముగ్గురిని మోసుకెళ్ళిన రాకెట్ పేరు శాటర్న్ 5. దాన్ని రూపొందించిన బృందానికి నాయకుడు వెర్నర్ ఫాన్ బ్రాన్. అమెరికా రాకముందు ఆయన హిట్లర్ జర్మనీలో వీ-2 రాకెట్లు తయారుచేశాడు. ఆ రాకెట్లు 1944 నుంచి లండన్ మీదా బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ మీదా పడ్డాయి. వాటిని కొండ లోపల సొరంగాల్లో తయారుచేసింది డోరా అనే నిర్బంధ శిబిరంలోని ఖైదీలు. డోరాలో, దాని అనుబంధ శిబిరాల్లో దాదాపు 60 వేల మందిని ఉంచితే, 20 వేల మంది దాకా ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఫాన్ బ్రాన్‌ది నాజీ పార్టీ సభ్యత్వం, నాజీల సాయుధ దళం ఎస్‌ఎస్‌లో అధికారి హోదా. 1945లో ఆయన్ను అమెరికా తీసుకెళ్ళారు.

చంద్రయానం గురించి రాసిన మామూలు చరిత్రలో ఈయన గురించి రెండు పేరాలుంటాయి. జీవితచరిత్ర తీసుకుంటే ఆ రెండు పేరాలు మూడువందల పేజీలవుతాయి. ఆ సొరంగంలోకి ఆయన ఎన్నిసార్లు వెళ్ళాడు, ఏం చూశాడు, చూశాక ఏం చేశాడు, తర్వాత ఎవరికేం చెప్పాడు అని అడక్కుండా కుదరదు. చిన్నప్పటి నుంచీ అంతరిక్షం మీద పిచ్చి ప్రేమ ఉన్న మనిషే ఆయన. ఆ ప్రేమ నిజం. ఆ సొరంగమూ నిజం. రెంటినీ ఒకే మనిషిలో పెట్టుకుని చదవడం కష్టంగా ఉంటుంది. ఆ కష్టం పాఠకుడు పడాలనే నా పట్టుదల. కాస్త ఎత్తునుంచి చూస్తే దేశాలు, తేదీలు, విజయాలు కనిపిస్తాయి. మనిషి పక్కన నిలబడితేనే అతను ఎటు తల తిప్పుకున్నాడో కనిపిస్తుంది.

జీవితచరిత్ర ఇంకో మేలు కూడా చేస్తుంది. చరిత్రలో లేని మనిషిని తెచ్చి నిలబెడుతుంది. కేథరిన్ జాన్సన్ అని నల్లజాతి గణితవేత్త. 1953 నుంచి అమెరికా అంతరిక్ష సంస్థలో, దానికి ముందున్న సంస్థలో లెక్కలు వేశారు. 1962లో జాన్ గ్లెన్ భూమిని చుట్టి రావడానికి వెళ్ళేముందు, కంప్యూటర్ వేసిన అంకెలను ఆమె చేత సరిచూపించమని అడిగాడు. అపోలో లెక్కల్లోనూ ఆమె చెయ్యి ఉంది. ఆమె పేరు సామాన్య పాఠకులకు తెలిసేసరికి ఆమెకు తొంభై దాటాయి. యాభై ఏళ్ళపాటు చంద్రయానం చరిత్ర ఆమె లేకుండానే నడిచింది. అందులో అబద్ధాలు రాశారని కాదు, ఒక కుర్చీ ఖాళీగా ఉందని ఎవరికీ అనిపించలేదు.

'ట' దగ్గరికి మళ్ళీ వస్తాను. నాకు బాగా ఇష్టమైన సంగతి ఇది, కాస్త తీరిగ్గా చెప్తాను.

క్రీస్తుకు పూర్వం అయిదో శతాబ్దంలో గ్రీకు రచయిత హెరొడోటస్ తన గ్రంథానికి పెట్టుకున్న మాట 'హిస్టొరియా'. ఆ మాటకు అప్పుడు అర్థం వాకబు చేయడం, విచారించి తెలుసుకోవడం. ఆయన ఊళ్ళు తిరిగాడు, కనబడినవాళ్ళనల్లా అడిగాడు, విన్నదంతా రాశాడు. నమ్మినది నమ్మానని, నమ్మనిది నమ్మలేదని చెప్పి మరీ రాశాడు. అందులో ఒక కథ ఉంది. ఈజిప్టు రాజు నెకో కొందరు ఫినీషియన్ నావికుల్ని ఎర్రసముద్రం నుంచి దక్షిణానికి పంపాడట. వాళ్ళు ఆఫ్రికా అంచు వెంట పోతూ, శరదృతువు రాగానే ఒడ్డున దిగి, విత్తనాలు చల్లి, పంట కోసుకుని మళ్ళీ బయల్దేరేవాళ్ళట. మూడో ఏడాదికి జిబ్రాల్టర్ జలసంధి మీదుగా తిరిగి ఈజిప్టు చేరారట. చేరాక ఒక మాట చెప్పారట: ఆఫ్రికాను చుట్టి వస్తున్నప్పుడు సూర్యుడు మాకు కుడివైపున ఉన్నాడు అని.

హెరొడోటస్ దగ్గర ఆ మాట చెల్లలేదు. ఎవరైనా నమ్మితే నమ్మండి, నేను మాత్రం నమ్మను అని రాశాడు. ఆయనకు తెలిసిన ప్రపంచమంతా మధ్యధరా సముద్రం చుట్టూ ఉంది. అక్కడ పడమటికి పోతుంటే మధ్యాహ్నం సూర్యుడు ఎప్పుడూ ఎడమవైపునే ఉంటాడు. కుడివైపు ఎలా ఉంటాడు?

ఇప్పుడు మనకు తెలుసు. భూమధ్యరేఖ దాటి బాగా దక్షిణానికి పోతే సూర్యుడు ఉత్తరాన కనిపిస్తాడు. ఆఫ్రికా కొన దాటి పడమటికి తిరిగితే ఉత్తరం కుడిచేతి వైపే. అంటే ఆయన నమ్మని ఆ ఒక్క మాటే, ఆ నావికులు నిజంగా అంత దూరం వెళ్ళి ఉంటారనడానికి ఇవాళ ఉన్న గట్టి ఆధారం. ఇప్పటికీ సందేహించే పండితులున్నారు, అది వేరే సంగతి. కానీ ఆయన ఆ వాక్యం కొట్టేసి ఉంటే? 'ఇది అర్థంలేని మాట' అని వదిలేసి ఉంటే? తనకు నమ్మకం లేకపోయినా విన్నది విన్నట్టు రాసి, నాకు నమ్మకం లేదని పక్కన రాశాడు. రెండు వేల అయిదు వందల ఏళ్ళ తర్వాతి మనుషుల కోసం ఒక తలుపు తెరిచి ఉంచాడు. నిజాయితీగా పెట్టిన 'ట' ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

మన దగ్గర పన్నెండో శతాబ్దంలో కశ్మీర రాజుల చరిత్ర రాసిన కల్హణుడు, జరిగినది చెప్పేటప్పుడు రాగద్వేషాలు వదిలి న్యాయాధిపతిలా మాట్లాడేవాడే మెచ్చదగినవాడు అన్నాడు. మాట గొప్పది. నాకు మాత్రం న్యాయాధిపతి కన్నా, నమ్మలేదంటూనే సాక్ష్యం దాచిపెట్టిన ఆ గ్రీకు ముసలాయన మీదే ప్రేమ ఎక్కువ.

రాసినదాన్ని చదవడం సగం పని. రాయకుండా వదిలినదాన్ని చదవడం మిగతా సగం. అశోకుడి శాసనాలే చూడండి. కళింగ యుద్ధంలో లక్షన్నర మందిని చెరపట్టి తరలించారని, లక్షమంది చచ్చారని, ఇంకా ఎన్నో రెట్లమంది ఆ తర్వాత పోయారని, అందుకు తాను పశ్చాత్తాపపడుతున్నానని ఆయన పదమూడో శిలాశాసనంలో చెక్కించాడు. ఒక చక్రవర్తి తన గెలుపుకు తానే బాధపడుతూ రాయించిన మాటలు అవి. ఇప్పటి పాకిస్తాన్‌లోని షాబాజ్‌గఢీ బండ మీద ఆ శాసనం ఉంది. మరి ఆ యుద్ధం జరిగిన కళింగలో? అక్కడ ధౌలిలోనూ, జౌగఢలోనూ శిలాశాసనాలున్నాయి. వాటిలో పదమూడోది లేదు. పదకొండు, పన్నెండు, పదమూడు తీసేసి, ఆ చోట అక్కడి అధికారులకు వేరే ఆజ్ఞలు చెక్కించారు. మనుషులందరూ నా పిల్లలు అన్న మాట ఆ ఆజ్ఞల్లోనిదే.

ఎవరికి చెప్పాలో వాళ్ళకు క్షమాపణ చెప్పలేదు అని ఒకరంటారు. గాయం ఉన్నచోట గాయాన్ని మళ్ళీ గుర్తుచేయకూడదనుకున్నాడు అని ఇంకొకరంటారు. రెండూ ఊహలే. చరిత్ర మనల్ని ఆ లేని శాసనం దాకా తీసుకొచ్చి ఆగిపోతుంది. అక్కడినుంచి ముందుకు పోవాలంటే కథ రాయాలి. ధౌలి బండ ముందు ఉలి పట్టుకున్న మనిషిని తలచుకోండి. ఏది చెక్కాలో చెప్పారు, ఏది చెక్కొద్దో కూడా చెప్పారు. అతను కళింగవాడే అయితే? అతని అన్నదమ్ములు ఆ లక్షలో ఉంటే? ఆ మనిషి గురించి మన దగ్గర ఒక్క అక్షరం ఆధారం లేదు. అతని కథ రాయగలిగితే కల్పనే రాయాలి. రాసినవాళ్ళు 'ఇది నా ఊహ' అని చెప్పాలి. ఆ షరతు ఒప్పుకుంటే చరిత్రకూ కథకూ తగువే ఉండదు.

తగువు వచ్చేది ఆ షరతు తప్పినప్పుడు. చారిత్రక నవలలోని సంభాషణలను, సినిమాలోని డైలాగులను ఆ రాజు నిజంగా అన్న మాటలుగా వాదనల్లో వాడేస్తున్నారు. నాకు చాలా బాధనిపించే విషయం ఇది. గ్రీకు చరిత్రకారుడు థూసిడిడీస్ తన పుస్తకం మొదట్లోనే ఒప్పుకున్నాడు: ఉపన్యాసాలు అక్షరాలా గుర్తులేవు, అసలు ఉద్దేశానికి దగ్గరగా ఉంటూ ఆ సందర్భానికి తగినట్టు రాశాను అని. పాఠకుణ్ణి గౌరవించడం అంటే అదీ.

ఇప్పుడు ఊహ, చరిత్ర, జీవితం మూడూ ఒకే చోట ముడిపడిన సందర్భం ఒకటి చెప్తాను.

1815 మార్చి 19న మేరీ అనే పదిహేడేళ్ళ అమ్మాయి తన డైరీలో ఒక కల రాసుకుంది. తన పాప మళ్ళీ బతికిందని, చలికి బిగుసుకుపోయిందంతే, నెగడు దగ్గర పెట్టి ఒళ్ళు రుద్దితే కదిలిందని. మెలకువ వస్తే పాప లేదు. నెలలు నిండకుండా పుట్టిన ఆ బిడ్డ రెండు వారాలైనా బతకలేదు. మేరీ పుట్టిన పదకొండో రోజున ఆమె తల్లి కూడా చనిపోయింది. పుట్టుకా చావూ ఆమెకు ఎప్పుడూ జంటగానే వచ్చాయి.

ఆ కల వచ్చిన మూడు వారాలకు, ప్రపంచానికి రెండో కొసన, ఇప్పటి ఇండొనేషియాలో తంబోరా అగ్నిపర్వతం బద్దలైంది. చుట్టుపక్కల దీవుల్లో వేలకు వేలమంది పోయారు. ఆకాశంలోకి లేచిన ధూళి, గంధకం పొర భూమినంతా చుట్టేసింది. మరుసటి ఏడు, 1816లో, యూరప్‌కి ఎండాకాలం రాలేదు. పంటలు పోయాయి, జనం ఆకలితో అలమటించారు. ఎందుకిలా అయిందో ఎవరికీ తెలియదు. ఆ చలికీ ఈ అగ్నిపర్వతానికీ ముడి ఉందని శాస్త్రజ్ఞులు తేల్చింది ఇరవయ్యో శతాబ్దంలో.

ఆ లేని ఎండాకాలంలో మేరీ స్విట్జర్లాండ్‌లో జెనీవా సరస్సు ఒడ్డున ఉంది. బయట తెగని వాన. ఇంట్లో చిక్కుకుపోయిన మిత్రబృందంలో కవి బైరన్, తలా ఒక దయ్యం కథ రాద్దాం అన్నాడు. అప్పట్లో విద్యుత్తు మీద పెద్ద చర్చ. గాల్వానీ అనే ఇటలీ శాస్త్రవేత్త విద్యుత్తుతో చచ్చిన కప్ప కాళ్ళు కదిలించాడు. ఆయన మేనల్లుడు ఆల్డీనీ 1803లో లండన్‌లో, ఉరితీసిన ఖైదీ శవానికి కరెంటు పెడితే కన్ను తెరుచుకుంది, పిడికిలి లేచింది. ఆ మాటలన్నీ వింటూ కూర్చున్న పద్దెనిమిదేళ్ళ మేరీ, శవాల ముక్కల్లోంచి ప్రాణిని లేపిన శాస్త్రవేత్త కథ మొదలుపెట్టింది. 1818 జనవరి 1న 'ఫ్రాంకెన్‌స్టైన్' రచయిత పేరు లేకుండా అచ్చయింది. ఆమె భర్త, కవి షెల్లీ రాశాడేమో అనుకున్నారు చాలామంది.

ఆ నవల ఒక్కటే చదివితే శాస్త్రం హద్దు మీరితే ఏమవుతుందో చెప్పిన కథ అనిపిస్తుంది. 1816 చరిత్ర పక్కన పెట్టుకుంటే అందులోని మంచు, చీకటి ఎక్కడివో తెలుస్తుంది. ఆ డైరీ పేజీ చదివాక మాత్రం, నేను ఆ నవలను మళ్ళీ పాతరకంగా చదవలేకపోయాను. అందులో ఘోరం ప్రాణం పోయడం కాదు. ప్రాణం పోసినవాడు ఆ ప్రాణిని చూసి పారిపోవడం. చనిపోయిన బిడ్డను కలలో నెగడు దగ్గర పెట్టి రుద్దిన తల్లికి, బతికిన బిడ్డను వదిలి పారిపోయినవాడు ఎలా కనిపించి ఉంటాడు? జీవితమే నవలకు తాళంచెవి అని నేననను. బిడ్డను పోగొట్టుకున్న తల్లులందరూ ఆ నవల రాయలేదు. అయినా ఆ ఒక్క పేజీ నా చదువును మార్చేసింది.

ఇక్కడ ఒక చిన్న పక్కమాట. ఊహాకథలు బయటివాళ్ళ సరుకు, మనకు అలవాటు లేదు అంటుంటారు. కందుకూరి వీరేశలింగంగారు తెలుగులో మొదటి ఆత్మకథ రాశారు, కవుల చరిత్రలు రాశారు. ఆయనే 'సత్యరాజా పూర్వదేశయాత్రలు' కూడా రాశారు. అందులో ఆడుమళయాళం అనే దేశం ఉంది. అక్కడ పెత్తనమంతా ఆడవాళ్ళది, మగవాళ్ళు పత్నీవ్రత ధర్మం పాటిస్తూ ఇంట్లో పడి ఉంటారు. ఆ తర్వాత 1905లో బెంగాల్ రచయిత్రి బేగం రొకేయా 'సుల్తానాస్ డ్రీమ్' అనే కథ మద్రాసు పత్రికలో అచ్చువేయించారు. అందులోనూ లోకం తలకిందులే. ఆడవాళ్ళు ఎండ వేడిని పోగుచేసి వంట చేస్తారు, దాన్నే శత్రుసైన్యం మీదికి తిప్పి తరిమేస్తారు. మగవాళ్ళు పరదాల వెనక ఉంటారు. బయట నిజంగా ఉన్న లోకాన్ని ఉన్నట్టు రాస్తే 'అలాగే ఉంటుంది, ఉంటే ఏం' అనే పాఠకుడు, తిరగేసి చూపిస్తే ఉలిక్కిపడతాడు. సంస్కరణ కోసం జీవితమంతా పోరాడినవాళ్ళిద్దరూ కట్టుకథను ఆయుధంగా ఎందుకు ఎంచుకున్నారో ఆలోచించండి.

(సభలోంచి ఒకరు అడిగారు: "పెద్దవాళ్ళ జీవితచరిత్రలు చదివితే స్ఫూర్తి వస్తుందంటారు. మామూలు మనుషుల జీవితాలు చదివితే ఏం లాభం అండీ?")

చాలా మంచి ప్రశ్న అడిగారండీ. పదిహేడో శతాబ్దంలో బనారసీదాస్ అని ఒక జైన వ్యాపారి ఉండేవాడు. 1641లో, తనకు యాభై అయిదేళ్ళప్పుడు, పద్యాల్లో తన కథ రాసుకున్నాడు. మనిషి ఆయుష్షు నూటపదేళ్ళు అనుకుంటే ఇది సగం కథ అని 'అర్ధకథానక్' అని పేరు పెట్టాడు. భారతీయ భాషల్లో దొరుకుతున్న మొదటి ఆత్మకథగా దాన్ని చెప్తారు. ఆయన రాజు కాదు, సేనాని కాదు. వ్యాపారంలో ఎన్నోసార్లు నష్టపోయాడు. పుట్టిన పిల్లలందరినీ పోగొట్టుకున్నాడు. అవన్నీ దాచకుండా రాశాడు.

1605లో అక్బరు పాదుషా చనిపోయాడు. చరిత్ర పుస్తకంలో అది ఒక వాక్యం, పరీక్షల్లో ఒక మార్కు. ఆ కబురు జౌన్‌పూర్ చేరినప్పుడు పంతొమ్మిదేళ్ళ బనారసీదాస్ ఇంటి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. వినగానే కళ్ళు తిరిగి కింద పడ్డాడు. తల పగిలి రక్తం కారింది. తల్లి పరుగున వచ్చి గుడ్డ కాల్చి ఆ మసి గాయం మీద అద్దింది. ఊళ్ళో దుకాణాలు మూసేశారు. ఉన్నవాళ్ళు నగలు, డబ్బు దాచిపెట్టి, ఎవరి కంటా పడకుండా ముతకబట్టలు కట్టుకున్నారు. పది రోజులు అలా టెన్షన్‌తో గడిచాక ఆగ్రా నుంచి ఉత్తరం వచ్చింది: కొత్త రాజు గద్దె ఎక్కాడు, అంతా సవ్యంగా ఉంది అని. అప్పుడు ఊరు ఊపిరి పీల్చుకుంది.

పాదుషా పోతే తన గతేమిటో తెలియని మనిషికి ఎలా ఉంటుందో ఏ ఆస్థాన చరిత్రకారుడూ రాయలేదు. ఎందుకంటే అతను ఆస్థానంలో ఉన్నాడు, మెట్ల మీద లేడు. లాభం ఏమిటని అడిగారు కదా. స్ఫూర్తి సంగతి నాకు తెలియదండీ. ఆ మెట్లు మాత్రం నాకు బనారసీదాస్ వల్లే తెలిశాయి.

టైమ్ అయిపోయిందని సైగ చేస్తున్నారు. మళ్ళీ మా నాన్నగారి డైరీ దగ్గర ఆగుతాను.

"అమ్మకి జ్వరం తగ్గలేదు." ఏ అమ్మ? మా నాన్నగారు వాళ్ళ అమ్మను, అంటే మా నానమ్మను, అమ్మ అనేవారు. మేం పుట్టాక మా అమ్మను కూడా, మాతో మాట్లాడేటప్పుడు, 'అమ్మ' అనే అనేవారు. 1969కి నేను నడక నేర్చిన పిల్లాణ్ణి. నానమ్మ ఇంట్లోనే ఉండేది. ముగ్గురూ ఇప్పుడు లేరు. సంవత్సరం పొడుగునా డైరీ తిరగేశాను. ఒకచోట 'అమ్మకి కొత్త కళ్ళజోడు' అని ఉంది, అది కచ్చితంగా నానమ్మే. ఇంకోచోట 'అమ్మా బాబూ నిద్రపోయారు' అని ఉంది, అది కచ్చితంగా మా అమ్మా నేనూ. ఆ జులై పేజీలో మాత్రం తేలలేదు. చంద్రుడి మీద దిగే క్షణంలో ఆర్మ్‌స్ట్రాంగ్ గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుందో రికార్డు ఉంది. అదే పొద్దున మా ఇంట్లో జ్వరంతో పడుకున్నది ఎవరో నాకు తెలియదు.

ఆ ఇల్లు, ఆ పొద్దున, చేతికి ట్యూబు మసి అంటిన నాన్న, పక్కింటి రేడియో, లోపల మంచం మీద ఒక మనిషి, ఇదంతా ఈమధ్యే ఒక కథగా రాయడం మొదలుపెట్టాను. మంచం మీద ఉన్నది ఎవరో ఇంకా తేల్చుకోలేదు. ఒక ప్రతిలో నానమ్మ, ఒక ప్రతిలో అమ్మ. రెండూ ఉంచాను.

మర్నాటి పేజీలో, జులై 22న, ఒకే వాక్యం ఉంది. "జ్వరం దిగింది." అక్కడ 'ట' లేదు.

నమస్కారం.